ప్లీడరుగారి కంప్యూటర్ విచారణ

త్రికోటేశ్వరరావుగారికి కనిపించినదాన్నల్లా క్రాస్ ఎగ్జామిన్ చేసే జబ్బుండేది. నరసరావుపేట కోర్టులో సాక్షులు చాలనట్టు, ఇంట్లో ఆగిపోయిన ఫ్యానునీ, ఉప్పెక్కువైన పప్పునీ కూడా నిలదీసేవారు. ఆయన జూనియర్ని నేను. ఆలస్యంగా వెళ్తే నన్నొదిలేసి నా సైకిల్ని అడిగేవారు.

ఎనభై ఎనిమిది వేసవిలో ఆయన హైదరాబాదు నుంచి కంప్యూటర్ తెచ్చి హాల్లో పెట్టారు. కొన్నాళ్లకే అది టైపు చేస్తుండగా 'మెమరీ ఎర్రర్' అని చూపించి బిగుసుకుపోవడం మొదలెట్టింది.

"ఆ కొండమ్మ తడిగుడ్డ పెట్టి తుడిచుంటది. రేపట్నించి పన్లోకి రావద్దను!" అన్నారు ఆయన భార్య. నేనావిణ్ణి పిన్నిగారనేవాణ్ణి.

ఇల్లు ఊడ్చే కొండమ్మ చీపురు వదిలేసి వచ్చింది. "పైన దుమ్ము దులిపానంతేనమ్మా, ఒట్టు!"

"విచారణ లేకుండా శిక్షేందే?" అన్నారు ప్లీడరుగారు. "కొండమ్మా, నువ్వు కొన్నాళ్లు రొంపిచెర్లలో మీ అక్క దగ్గరుండి రా. జీతం కొయ్యన్లే."

ఆమె వెళ్లగానే కంప్యూటర్ ఎదుట కుర్చీ వేసుకున్నారు.

"ఏమయ్యా, పొద్దున బానే ఉంటావు. మధ్యాహ్నానికి మూర్ఛపోతావు. ఈ మధ్యలో ఏం జరుగుతోంది?"

"అదేం చెబుతుంది సార్?"

"చెప్పకపోవడం కూడా సాక్ష్యమేనయ్యా!"

డిస్కు మార్చారు. మళ్లీ ఆగింది. టేబుల్ ఫ్యాను దానివైపు తిప్పారు. కాస్త ఎక్కువసేపు నడిచి ఆగింది. ఆగినప్పుడల్లా, "ఏమే, ఇటొచ్చి చూడు!" అని పిన్నిగారిని పిలిచేవారు. చూసీ చూసీ, చివరికి ఆవిడే అన్నారు: "కొండమ్మ లేకపోయినా చెడుతుందే! పాపం, ఊరికే అన్నాను."

అప్పుడు ప్లీడరుగారు ప్లగ్గు తీసి, పైమూత విప్పి, నల్లటి మెమరీ చిప్పులన్నిటినీ బొటనవేలితో నొక్కారు. టిక్కుటిక్కుమంటూ గూళ్లలోకి దిగాయి. ఇక ఆగితే ఒట్టు.

ఆ సాయంత్రం కంపెనీ ఇంజనీరు ఫోన్ చేస్తే నేనెత్తాను. "వేడికి చిప్పులు పైకి లేస్తాయి, నొక్కండని మీ సార్‌కి అది ఆగిన మొదటిరోజే చెప్పాను. నొక్కారా?"

నేను తెల్లబోయి ఆయన వంక చూశాను.

"మొదటిరోజే బాగైతే, కొండమ్మని పంపేశాకే బాగైందనేది మీ పిన్ని," అన్నారాయన గొంతు తగ్గించి. "ఆమె లేనప్పుడు కూడా చెడాలిగా!"

కొండమ్మకి కబురు వెళ్లింది. వచ్చింది గానీ, "ఆ పెట్టె జోలికి మాత్రం నేను పోను," అని తెగేసి చెప్పింది.

ఆ రోజు నుంచి కంప్యూటర్ మీద దుమ్ము పిన్నిగారే దులిపేవారు, భయం భయంగా, పొడిగుడ్డతో.