బోరు నీళ్ళు పోసిన కారు

మా బంధువుల్లో ఎవరినడిగినా, నా పాత కారును మా బావమరిది తగలేశాడనే చెప్తారు. ఆ మాట పుట్టించింది నేను. అది అబద్ధం.

అతనంటే నాకిప్పటికీ పడదు. అది వేరే సంగతి.

నాది పాత టర్బో కారు. యాక్సిలరేటర్ తొక్కితే వీపు సీటుకు అతుక్కునేది. వెనక కూర్చున్నవాళ్ళ మోకాళ్ళు గడ్డానికి తగిలేవి. స్పీడు బ్రేకరు వస్తే అందర్నీ దింపి దాటించేవాణ్ణి. అతను కొన్నది కొత్త సెడాన్. వెనక సీటుకూ ఏసీ, డిక్కీలో రెండు వేరుశనగ మూటలు పట్టేంత చోటు. మా ఆవిడ ఒకసారి తమ్ముడి కారులో మడకశిర దాకా పోయివచ్చి, “నడుం నొప్పే లేదు” అంది. నాకు ఒళ్ళు మండింది.

“కారా అది? మంచానికి చక్రాలు పెట్టినట్టుండాది” అన్నాను అందరి ముందూ.

“నీ కారులోంచి దిగల్లంటే ఇద్దరు పట్టి లాగల్ల బావా” అన్నాడు.

అతను ఇంజను చల్లబరిచే కూలెంట్ డబ్బా కొంటే నవ్వాను. నా రేడియేటర్‌లో ఇంటి బోరు నీళ్ళే పోసేవాణ్ణి. ఆ నీళ్ళకు మా స్టీలు బిందెలే తెల్లగా పొర కట్టేవి.

“అవి పోయొద్దు బావా. లోపల సున్నం పడతాది.”

“మేమంతా ఆ నీళ్ళే తాగి పెరిగినాంలే.”

ఒక వేసవిలో గుత్తి నుంచి వస్తూ పంతానికి కార్లు మార్చుకున్నాం. అతని సెడాన్‌లో నేనూ మా ఆవిడా ముందే ఇల్లు చేరాం. ఆమె లోపలికి వెళ్ళాక అతను ఫోను చేశాడు.

“బావా, ఇంజను హీటు ముల్లు ఎర్రగీత మీదికి పోతాండాది. రోడ్డు పక్కన నిలిపినా. ఎవరినన్నా పంపు.”

“ఏమప్పా, అంత భయమా? అది నీ మంచం మాదిరి కాదు. తోలుకోని రా.”

నేను చెప్పినందుకే మళ్ళీ బయల్దేరాడు. వేడికి ఇంజను పట్టేసి, ఇక పనికిరాకుండా పోయింది. షెడ్డులో రేడియేటర్ విప్పితే గొట్టాల నిండా తెల్లటి పెచ్చులు. కళ్ళారా చూశాను. చూసి కూడా ఇంటికొచ్చి, “పందెం కట్టినట్టు తోలి కాల్చినాడు” అన్నాను.

“నువ్వే గదా బావా తోలుకోని రమ్మంటివి?” అన్నాడతను.

“నేను యాడంటి?”

మా ఆవిడ నన్నే నమ్మింది. “చేసింది చాలక ఆయప్ప మీదికి తోస్తావా?” అని తమ్ముణ్ణి తిట్టిపోసింది. అప్పట్నుంచి అక్కాతమ్ముళ్ళకు మాటల్లేవు.

మొన్న షోరూములో ఆమె ఒక సెడాన్ వెనక సీట్లో కూర్చుని లేవలేదు. “మావాని కారు ఇట్లే ఉండె” అని కళ్ళు తుడుచుకుంది. అక్కడే నిజం చెప్పేశాను. ఆమె వెంటనే తమ్ముడికి ఫోను కలిపి నా చేతిలో పెట్టింది. “చెప్పు” అంది.

చెప్పాను.

“నాకు తెలిసిందే గదా బావా. నాకెందుకు చెప్తాండావు? అక్కకియ్యి ఫోను.”

ఆమె ఫోను లాక్కుని కారు తలుపు వేసుకుంది. నేను బయట నిలబడ్డాను. అద్దంలోంచి ఆమె పెదవులు కదలడం కనిపిస్తోంది. ఒక్క మాట కూడా వినపడలేదు.