హుమాయున్ పుల్ల, నా దశాంశాలు

తిరువూరు టాక్సీ స్టాండులో హుమాయున్‌కి ఉన్న ఆస్తల్లా ఒక పేరు. పంతొమ్మిదేళ్లలో ఆయన కారు ఎవర్నీ నడిదారిలో దింపలేదు. కారు ఓనరుదే అయినా పేరు మాత్రం ఆయనది. అది చూసే పురుళ్లకీ పెళ్లిళ్లకీ జనం ఆయన్ని పిలిచేవారు. ఆ పేరు ఒక్క పూటలో చెడగొట్టిన ఘనత నాది. నేను మధుసూదనరావుని, కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి.

ఆ కారులో పెట్రోలు ముల్లు ఎప్పుడో చచ్చిపోయింది. హుమాయున్ ట్యాంకులోకి ఒక వెదురు పుల్ల దింపి, తడి ఎంతవరకు వచ్చిందో చూసేవాడు. దాని మీద కత్తితో పెట్టిన గాట్లు, ఒక్కోటి ఒక లీటరు. రెండు గాట్ల మధ్య సంగతి ఆయన ఎన్నడూ మాట్లాడలేదు.

డెబ్బై నాలుగు జనవరిలో పెట్రోలుకి కటకటగా ఉండేది. మా అత్తగారు సుబ్బాయమ్మకి బెజవాడలో కంటి ఆపరేషన్. పొద్దున్నే స్టాండుకి వెళితే హుమాయున్ పుల్ల చూపించాడు.

“ఎనిమిది లీటర్లకి అటూ ఇటూ ఉంటుంది సార్. బంకులో స్టాకు లేదు. ఏడున్నర బస్సుకి వెళ్లిపోండి.”

అత్తగారిని బస్సులో తీసుకెళితే నా లెక్చరర్ హోదా ఏమైపోవాలి? కాగితం తీసి, కిందటి ట్రిప్పు సంగతి అడిగాను. నూట నలభై ఎనిమిది కిలోమీటర్లకి, బంకు రసీదు ప్రకారం, 15.9 లీటర్లు పట్టిందన్నాడు. భాగిస్తే 9.308. ఎనిమిదితో గుణిస్తే 74.464. బెజవాడ డెబ్బై రెండు కిలోమీటర్లు.

“ఇంకా రెండు కిలోమీటర్ల నాలుగు వందల అరవై నాలుగు మీటర్లకి మిగులుతుంది” అన్నాను.

హుమాయున్ పుల్ల వంక చూశాడు, నా వంక చూశాడు. “నాకెందుకో నమ్మకం కుదరట్లేదు సార్. అయినా మీరు చదువుకున్నవారు. మా సుగ్రా ఇంట్లో మీ పాఠాల గురించే చెబుతుంటుంది.” సుగ్రాబీ ఆయన కూతురు, ఇంటర్ మొదటి సంవత్సరం, నా క్లాసే.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. ఏటా నేను చెప్పే మొదటి పాఠమే సార్థక అంకెలు. అంటే కొలతలో నమ్మదగిన అంకెలు. గుణించినా భాగించినా, అన్నిటికన్నా తక్కువ సార్థక అంకెలున్న కొలతకి ఎన్ని ఉన్నాయో జవాబులోనూ అన్నే ఉంచాలి. పుల్ల చెప్పింది ఎనిమిది, ఒకే ఒక్క అంకె. జవాబు కూడా ఒక్క అంకెకి సరిచేస్తే సుమారు డెబ్బై. దాన్ని నమ్ముకుని డెబ్బై రెండు కిలోమీటర్లకి బయల్దేరకూడదు. ఇది తప్పిన పిల్లల్ని నేను బెంచీ ఎక్కించేవాణ్ణి.

గొల్లపూడికి ఇవతల కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. వెనకే ఏడున్నర బస్సు వచ్చింది, కిటికీల నిండా మా ఊరి మొహాలే. అత్తగారూ నేనూ అందులో ఎక్కబోయాం. “పెట్రోలు చూసుకోకుండా ఎలా బయల్దేరావయ్యా?” అని మా అత్తగారు హుమాయున్‌ని కోప్పడింది. “పొరపాటు నాదేనమ్మా” అన్నాడాయన. నేను నా చెప్పులు పరీక్షించుకున్నాను.

ఆపరేషన్ బాగానే జరిగింది. వారం తిరక్కుండా స్టాండులో లాజరు అనే డ్రైవరు ఆయనకి ‘గొల్లపూడి హుమాయున్’ అని పేరు పెట్టాడు. పురిటి కేసులు వేరే కార్లకి పోయాయి. నాకు అన్నం సయించలేదు. నిజం చెప్పేస్తానని ఆయన దగ్గరికి వెళ్లాను.

“ఊరుకోండి సార్. మేష్టారికే లెక్క తప్పిందంటే పిల్లలకి గురి పోతుంది” అన్నాడు.

నాకు సిగ్గు ముంచుకొచ్చింది. మర్నాడు క్లాసులో మొత్తం బోర్డు మీద వేసి, తప్పు నాదేనని చెప్పాను. పిల్లలు పడీపడీ నవ్వారు. సుగ్రాబీ నవ్వలేదు. గంట కొట్టాక నా దగ్గరికి వచ్చింది.

“క్లాసులో చెప్పారు సార్. స్టాండులో చెప్తారా?”

అది ఆ పిల్ల అడక్కుండా ఉంటే బాగుండునని నేననుకున్న ప్రశ్న. సాయంత్రం వెళ్లి, ఆరుగురు డ్రైవర్ల ముందు నిలబడి చెప్పాను. హుమాయున్ వద్దని చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

“మీటర్లు కూడా చెప్పారా సార్?” అన్నాడు లాజరు.

“చెప్పాను. నాలుగు వందల అరవై నాలుగు.”

చాలాసేపు నవ్వారు. ఆ తర్వాత నాకు బదిలీ అయ్యేదాకా ఊళ్లో నేను గొల్లపూడి మేష్టారినే. ఆయన మళ్లీ ఉత్త హుమాయున్ అయ్యాడు.