లార్గస్ వెనక వరస

రోములో మా పెద్దాయన లార్గస్‌కు ఒకటే పిచ్చి: చావడానికి ముహూర్తం పెట్టుకోవడం, వీడ్కోలు విందుకు అందరినీ పిలవడం, తీరా వాయిదా వేయడం.

తప్పంతా ఆయనదే అనలేను. బతుకు భరించరానిదైతే బుద్ధిమంతుడు తనంతట తాను సెలవు తీసుకోవచ్చునని మా స్తోయిక్ తత్వం. దానికి పెట్టిన షరతులు ఎవరికీ గుర్తుండవు. ఆ ఒక్క వాక్యం మాత్రం చదువుకున్న ప్రతివాడికీ కంఠతా వచ్చు. చక్రవర్తి మనల్ని చూసి ముఖం చిట్లించాడంటే చాలు, మన మిత్రులే వచ్చి, ఎంత హుందాగా పోతామో చూడ్డానికి ముందు వరసలో కూర్చుంటారు.

ఒక విందులో మేమంతా కళ్ళు తుడుచుకుంటుంటే లార్గస్ నోట్లోని ముక్క ఉమ్మేశాడు.

"ఛీ, కుళ్ళిన చేప! ఇది తిని పోతే తత్వం కోసం పోయాడంటారా? అజీర్తి చేసి పోయాడంటారు. వాయిదా!"

ఆయన భార్య సెస్తియా గుమ్మంలోంచే అంది: "ఏమండీ, ఏదో ఒకటి తేల్చండి. ఆ గదికి సున్నం కొట్టించాలి."

మరోసారి అత్తిపళ్ళు పండలేదన్నాడు. ఇంకోసారి చితికట్టెలు తడిశాయన్నాడు.

మా మిత్రుల్లో కుర్రాడు ఫాబాటస్ మాత్రం, తన భార్య పోయాక, నిజంగానే చావాలన్న నిర్ణయానికొచ్చాడు. ముప్పై కూడా నిండలేదు. ఆచారం ప్రకారం మిత్రులను పిలిపించి సలహా అడిగాడు. తత్వబోధకుడు విబో గొంతు సవరించుకున్నాడు.

"నాయనా, ఇదే అసలైన స్వేచ్ఛ..."

తలలు ఊగాయి. పరాయివాడి చావు గురించి చెప్పేటప్పుడు మావాళ్ళ గొంతు ఎంత తీయగా ఉంటుందో!

లార్గస్ ఆలస్యంగా వచ్చాడు, ఆలివ్ కాయలు నములుతూ.

"ఎవర్నడిగి పోతున్నావురా?"

"మిమ్మల్నే అడుగుతున్నా, పెద్దాయనా."

"అయితే కుదరదు. వరసలో నేను ముందున్నా. తల నెరిసినవాణ్ణి తోసుకుని పోతావా? ఏం పెంపకంరా నీది!"

"మరి మీరెప్పుడు పోతారు?"

"తొందరేం? నా శవం ముందు ప్రసంగం నువ్వే చెయ్యాలి. విబోకి అప్పజెబితే చితి మీంచి లేచి పారిపోతా."

ఫాబాటస్‌కు ఒళ్ళు మండింది. భార్య పోయాక అతని ముఖంలో మేం చూసిన మొదటి ప్రాణం అదే.

ప్రసంగం రాసి తెచ్చాడు. "నా అందం సంగతేదిరా?" అన్నాడు లార్గస్. తిరగరాసి తెస్తే, "మరీ పొగిడావు, జనం నవ్వుతారు" అన్నాడు. వచ్చినప్పుడల్లా సెస్తియా కడుపునిండా పెట్టి పంపేది. అలా ఏళ్ళు గడిచాయి.

చివరికి లార్గస్ ముహూర్తమేమీ లేకుండా, జ్వరమొచ్చి, మామూలు మనుషుల్లాగే పోయాడు. "తత్వవేత్త పోవలసిన తీరు కాదు," అని విబో గొణిగాడు.

"ఆయనకు పోవాలని ఏనాడుంది?" అంది సెస్తియా. "ముందు చోటు ఖాళీగా ఉంటే ఏ కుర్రాడో దూరతాడని అడ్డంగా కూర్చున్నారు."

చితి దగ్గర్నుంచి తిరిగొస్తూ ఫాబాటస్‌ను భయం భయంగానే అడిగాను: "ఇక వరసలో ముందు నువ్వేగా?"

"నేనే," అన్నాడు ముక్కు తుడుచుకుని. "కొడుకుని పోగొట్టుకున్న వారో అనేవాడు మొన్న వచ్చి, పోతానని సెలవడిగాడు. నాకంటే చిన్నవాడు, వరసలో నేను ముందున్నా, కుదరదన్నా. నన్ను నానా తిట్లూ తిట్టి, నా వెనకే నిలబడ్డాడు."