ముందు పెట్రోలు, తర్వాత హారతి

మా మేనమామకు ఎడమ కనుబొమ్మ ఉండేది కాదు. కొత్తకోటలో హైవే పక్కన ఆయనకు స్కూటర్లు బాగుచేసే షెడ్డు ఉండేది. ఒకసారి ఆయన పెట్రోలు పోస్తుంటే పక్కన ఎవరో బీడీ అంటించుకున్నారట. భగ్గుమని లేచిన మంట కనుబొమ్మను పట్టుకుపోయింది, కన్ను మాత్రం దక్కింది. అప్పటినుంచి జేబులో అగ్గిపెట్టె ఉన్నవాళ్లెవరినీ షెడ్డులో అడుగు పెట్టనిచ్చేవాడు కాదు. ఎండాకాలం సెలవులన్నీ అక్కడే గడిపిన నాకు పెట్రోలు వాసన తగిలితే చాలు, నా కనుబొమ్మలు రెండూ ఉన్నాయో లేదో తడుముకునే అలవాటు పట్టుకుంది.

మానవపాడు దగ్గరి పల్లెకు కోడలిగా వచ్చాక ఆ అలవాటుతో ఏం పని పడుతుందిలే అనుకున్నాను. పని పడింది, అదీ పెళ్లయిన మొదటి ఏడే. తొంభైల మొదట్లో సంగతి.

ఊరి బయట కల్లంలో జొన్నలు నూర్చి కుప్ప పోశాం. గింజా పొట్టూ కలిసి ఉన్న కుప్ప. తూర్పారబట్టాలంటే గాలి కావాలి. ఆ గాలేమో ఎవరిమీదో అలిగినట్టు కనపడకుండా పోయింది. చాటతో ఎత్తి పోస్తే గింజా పొట్టూ కూడబలుక్కుని మా కాళ్లమీదే పడుతున్నాయి. పైగా జొన్న పొట్టు దురద! మెడ గోక్కుంటూ పైకి చూస్తే తుంగభద్ర వైపునుంచి నల్లగా మబ్బులు. ఆ కుప్ప మా ఇంటికి ఏడాది రొట్టెలు. తడిసిందంటే గింజ నల్లబడుతుంది, కొన్నాళ్లకు మొలకలే వస్తాయి. మా అత్తమ్మ ఒక పూట గాలిని బతిమాలింది, ఇంకో పూట తిట్టింది. ఏదీ పనిచేయలేదు.

అప్పుడే నాకు మిషను గుర్తొచ్చింది. మిరప తోటకు మందు కొట్టడానికని మా ఆయన కొన్న పెట్రోలు పవర్ స్ప్రేయరు. వీపుకు తగిలించుకునేది, పైన మందు డబ్బా, కింద ఇంజను, పక్కన పొడుగాటి గొట్టం. ఇంకా మందు చుక్క తగలని కొత్త సరుకు. మందు డబ్బాలో ఏమీ పోయకుండా నడిపితే గొట్టంలోంచి ఉత్త గాలి కొడుతుంది కదా! ఈ ఆలోచన తనదేనని మా ఆయన ఇప్పటికీ అంటాడు. అననీ, నాదే.

అత్తమ్మ సరేనంది, కానీ ఒక షరతు పెట్టింది. "కొత్త ఇనుము. పూజ చెయ్యంది దాన్ని నడిపేది లేదు. మీరు తయారు చెయ్యుండ్రి, నేను పళ్లెం తెస్త" అని ఇంటికి పోయింది.

మేం తయారు చేయడమంటే పెట్రోలు పోయడమే. పెట్రోలు తెచ్చిన డబ్బాలోనే ఇంజన్ నూనె కలిపి బాగా గిలకొట్టాను. ఇంజను ట్యాంకుకు గరాటు పెట్టి, పలచటి గుడ్డ వేసి, నిదానంగా పొయ్యమన్నాను. మా ఆయనకు నిదానం అనే మాట చెవికెక్కదు. అంచుదాకా పోసి, పొర్లించి, నేలంతా తడిపాడు.

"పైన జర ఖాళీ ఉంచాలయ్యా!" అన్నాను.

"నిండుగ పోస్తే నిండుగ నడుస్తది" అన్నాడు, పెళ్లి భోజనం వడ్డించినట్టు.

సరిగ్గా అప్పుడే అత్తమ్మ పళ్లెంతో వచ్చింది. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, మధ్యలో కర్పూరం బిళ్ల. వస్తూనే మిషను ముందు కూర్చుంది. మిషనుకు అటు ఎండిన చొప్ప కుప్ప, ఇటు జొన్నల కుప్ప, కింద పెట్రోలు తడి. కూర్చుని అగ్గిపుల్ల గీసింది.

నేను ఎలా దూకానో నాకే తెలియదు. అగ్గిపుల్లను ఉఫ్ మని ఊదేశాను.

కల్లంలో కూలీలంతా పని ఆపి ఇటే చూశారు. కొత్త కోడలు హారతికి గీసిన పుల్లను నోటితో ఊదింది! అత్తమ్మ నా వంక చూసిన చూపుకు పెట్రోలు అక్కర్లేకుండానే మంట లేవాలి.

"హారతి ఆర్పితివా, పిల్లా?"

"మా మామకు ఒక కనుబొమ్మ లేదత్తమ్మా" అన్నాను.

"మీ మామ కనుబొమ్మకు, నా జొన్నలకు ఏంది సంబంధం?"

మా ఆయన కిసుక్కున నవ్వాడు. నాకూ నవ్వు తన్నుకొచ్చింది, ఏడుపు కూడా వచ్చింది, రెండూ కలిపి షెడ్డు కథంతా చెప్పేశాను. "పెట్రోలు ఆవిరి కంటికి కనపడదత్తమ్మా. అగ్గి కనపడితే ఎగిరొచ్చి అంటుకుంటది. ఈడ చొప్ప, ఆడ జొన్నలు. వానకు తడిస్తే సగమన్న మిగుల్తయి, కాలితే బూడిదే."

అత్తమ్మ చొప్పను చూసింది, కుప్పను చూసింది. మిషనుకు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ అవతలికి తీసుకుపోయి కొట్టింది. కర్పూరం బిళ్లను, అగ్గిపెట్టెను కొంగున ముడేసుకుని "హారతి బాకీ ఉన్నది. మర్చిపోకుండ్రి" అంది.

మూత బిగించి, ఇంజను మీద పడ్డదంతా తుడిచి, మిషనును తడి నేలకు దూరంగా చదునైన చోటికి మార్చాం. చోక్ వేసి, మిషను కదలకుండా దాని అడుగును కాలితో అదిమిపెట్టి, మా ఆయన తాడు లాగాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. మళ్లీ లాగాడు. లాగిన కొద్దీ మొహం ఎర్రబడుతోంది.

"హారతియ్యకపోతే అలగదా మరి!" అంది అత్తమ్మ, ఎంతో సంతోషంగా.

నేను వంగి చూశాను. పెట్రోలు నల్లా తిప్పనే లేదు! అది తెలిసి అత్తమ్మ నవ్విన నవ్వుకు కొంగు జారిపోయింది. నల్లా తిప్పాను, ఈసారి తాడు లాగగానే మిషను ఘర్రుమంది. మా ఆయన ఆ సంబరంలో గొట్టాన్ని నేరుగా కుప్పమీదికే తిప్పాడు. పొట్టుతో పాటు జొన్నలూ లేచాయి. సగం అత్తమ్మ నెత్తిన తలంబ్రాల్లా పడ్డాయి.

"ఒరేయ్, నాకు మళ్ల పెండ్లి చేస్తున్నవా!"

తర్వాత పద్ధతి కుదిరింది. అత్తమ్మ ముక్కాలి పీట ఎక్కి చాటతో పోస్తుంది, ఆయన దూరంగా నిలబడి గాలి తగ్గించి పక్కనుంచి కొడతాడు. గింజలు నేరుగా కింద, పొట్టు ఆమడ దూరం. ఎవరూ గొట్టానికి ఎదురుగా రాకుండా నేను అరుస్తూ కాపలా. ఇంజను మోతలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు, అయినా అందరం మాట్లాడుతూనే ఉన్నాం. ఆ పూట కలిగినంత సంతోషం నాకు పెళ్లినాడు కూడా కలగలేదు.

సగం కుప్ప ఉండగానే పెట్రోలు అయిపోయింది. ఉరుము వినపడింది. మా ఆయన గబగబా మూతమీద చెయ్యేశాడు. "ఆగయ్యా, చల్లారనియ్" అనబోతుండగానే పీటమీదినుంచి అత్తమ్మ కేక వేసింది.

"చెయ్యి తియ్ రా! కాలే ఇంజన్ల పోస్తావ్? కనుబొమ్మలు వద్దా నీకు?"

నేను గరాటు తీసి పక్కన పెట్టేశాను.

చల్లారేదాకా కూర్చుని రొట్టె, పల్లీల పొడి తిన్నాం. కళ్లు మాత్రం మబ్బుమీదే. మళ్లీ పోసి, మళ్లీ లాగి, ఆఖరి చాట దులిపి, గోతాలు బండికెత్తి అత్తమ్మతో పంపేశాం. మిగిలిన పెట్రోలును నేను డబ్బాలోకి వంపుతుంటే నా కుచ్చిళ్లమీద చిందింది. తుడుచుకునే లోపలే చినుకులు మొదలయ్యాయి. పరుగు.

ఇల్లు చేరేసరికి గోతాలన్నీ లోపల పొడిగా ఉన్నాయి. బయట వాన దంచుతోంది. గడపలో అత్తమ్మ పళ్లెం పట్టుకుని నిలబడింది. మిషను వెనక మా ఆయన వీపుమీద వస్తోందని చెప్పబోయాను.

"మిషనుకు గాదు. ఈడ నిలబడు" అంది నన్ను. అగ్గిపుల్ల గీసింది.

"వద్దత్తమ్మా! చీరమీద పెట్రోలు పడ్డది!"

ఆమె ఉఫ్ మని పుల్లను ఊదేసింది. తనే, తన నోటితో. ఊదేసి, పొట్టు అంటిన వేళ్లతో నా కనుబొమ్మలు రెండూ తడిమి చూసింది.

"పో, తానం చేసి రా" అంది.

నేను చీర మార్చుకుని, తల తుడుచుకుంటూ వచ్చేసరికి ఆమె ఆ గడపలోనే ఉంది, వెలిగించని కర్పూరంతో.