యూసుఫ్‌కు తెలుగు నేర్పిన టీచరమ్మ

2023 నవంబరు. కొండాపూర్‌లో బిర్యానీ హోటల్ పైన మా ట్రావెల్స్ ఆఫీసు. ఐటీ వాళ్ళకు నాలుగు రోజులు సెలవు దొరికితే చాలు, మా మెట్లెక్కేస్తారు. ఒకప్పుడు కాశ్మీర్‌ను వేసవిలోనే అమ్మేవాళ్ళం. చలికాలం ‘ఆఫ్ సీజన్’, అంటే గిరాకీ లేని రోజులు. ఇప్పుడా మాటే లేదు. వసంతంలో పూలు, చలికాలంలో మంచు అంటూ అక్కడి సరస్సు ఒడ్డున ఏడాది పొడుగునా జనమే.

ఆ రోజు సుభద్రమ్మగారు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చారు. కాకినాడలో తెలుగు టీచరుగా రిటైరై, ఇక్కడ కూతురి దగ్గర ఉంటున్నారు. ఆ మధ్య జబ్బుచేసి బాగా చిక్కిపోయారు. నేను ప్యాకేజీల చిట్టా విప్పబోతే ఆపేశారు.

“అవన్నీ వద్దు నాయనా. యూసుఫ్ పడవలో గది ఇప్పించు చాలు.”

యూసుఫ్ కాశ్మీర్ లోయలో మా ‘ల్యాండ్ ఆపరేటర్’, అంటే మనవాళ్ళు అక్కడ దిగాక బస, భోజనం చూసే మనిషి. సరస్సులో అతనికో హౌస్‌బోట్ ఉంది. అంతకుముందు ప్రతి చలికాలం శాలువాల మూటతో కొండాపూర్ అపార్ట్‌మెంట్లన్నీ తిరిగేవాడట. కూతురూ అల్లుడూ ఆఫీసుకు పోతే, పగలంతా సుభద్రమ్మగారితో మాట్లాడేవాళ్ళే లేరు. యూసుఫ్ వచ్చి కాఫీ తాగి, ఆవిడ దగ్గర తెలుగు నేర్చుకునేవాడు. హైదరాబాద్ చలికి శాలువా ఎందుకో గానీ, ఆవిడ బీరువా నిండా అవే. చలికాలం కూడా లోయలో సీజనయ్యాక అతను రావడం మానేశాడు.

“ఫికర్ జేయకుండ్రి అమ్మా. ఇప్పుడే ఫోన్ జేసి మీరొస్తున్నరని చెప్త” అన్నాను.

“అయ్యో, చెప్పకు! గుమ్మంలో నన్ను చూసి వాడు నోరెళ్ళబెట్టాలి.”

తిరిగొచ్చాక ఆవిడే అక్రోట్లు పట్టుకొచ్చి ఇచ్చారు.

“గుర్తువట్టిండా అమ్మా?” అన్నాను నవ్వుతూ.

ఆవిడ నవ్వలేదు.

“మీరు పంపినవాళ్ళం పదిమందిమి దిగాం. ‘దయచేయండి, ముందు కాఫీ తాగండి’ అన్నాడు. నేను నేర్పిన మాటలే, మా గోదారి యాసతో సహా. మనవాళ్ళంతా మురిసిపోయారు. అందరినీ ‘అమ్మా’ అన్నాడు, నన్నూ అన్నాడు. ఇంత తెలుగు ఎక్కడ నేర్చుకున్నావని ఎవరో అడిగారు. ‘హైదరాబాద్‌లో ఒక టీచరమ్మ నేర్పింది, దేవతలాంటి మనిషి’ అన్నాడు. నేను ఎదురుగానే ఉన్నాను నాయనా.”

“మరి గప్పుడన్న చెప్పకపోయిండ్రా?”

“వాడి మనసులో ఉన్న టీచరమ్మ నిండుగా, ఆరోగ్యంగా ఉంది. ఆవిణ్ణి అలాగే ఉండనీ అనుకున్నా.”

యూసుఫ్‌కు చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుని మరీ వెళ్ళారు. మరుసటి వానాకాలంలో ఆవిడ పోయారు.

ఇక ఆగలేక యూసుఫ్‌కు ఫోన్ చేసి అంతా చెప్పాను. అతను ఆవిడ నేర్పిన తెలుగులోనే అడిగాడు.

“ఆ రోజు అమ్మ కాఫీ తాగారా అండీ? నా చేత్తోనే ఇచ్చానా?”

నాకు తెలియదు. ఆవిణ్ణి అడగనే లేదు.

ఇప్పటికీ కొందరు లోయలో తమకు తెలిసినవాళ్ళున్నారని, ముందుగా చెప్పొద్దని, సర్‌ప్రైజ్ చేయాలని అంటారు. సరేనని తలూపుతాను. వాళ్ళు మెట్లు దిగగానే ఫోన్ తీసి, వచ్చేది ఎవరో అవతలివాళ్ళకు చెప్పేస్తాను.