నెమలి మూత భరిణె

భిలాయ్ పక్కన కోహ్కాలో మా పిన్ని పోయిందన్న కబురు నాకు పద్మ ఫోన్ చేసి చెప్పింది. "దీదీ, పిన్ని ఎల్లిపోయింది. పొద్దున్న కాఫీ ఇచ్చేను, తాగింది, కుర్చీలోనే..." అని ఆగిపోయింది. నాకు ముందు దుఃఖం రాలేదు. రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, ముందు వచ్చింది కుళ్ళు. ఆఖరి కాఫీ కూడా దీని చేతిదేనా అనుకున్నాను. ఏడుపు ఆ తర్వాత, ఆటో ఎక్కాక వచ్చింది.

పిన్ని నాకు చుట్టం కాదు. భిలాయ్ ఉక్కు ఫ్యాక్టరీ సెక్టార్ క్వార్టర్లలో మా గోడకి ఆనుకున్న ఇల్లు ఆవిడది. బాబాయిగారు రోలింగ్ మిల్లులో, మా నాన్న కోక్ ఓవెన్లలో. ఇద్దరూ విజయనగరం వైపు నుంచి ఒకే ఏడు వచ్చి చేరారు. పిన్నికి పిల్లల్లేరు, అందుకని మా క్వార్టర్ల లైన్లో పిల్లలందరికీ ఆవిడ పిన్నే. నేను మాత్రం ఆవిడ నాకొక్కదానికే పిన్ని అనుకునేదాన్ని. కూరగాయల బండివాడితో ఆవిడ తెలుగులో మాట్లాడేది, వాడు ఛత్తీస్‌గఢీలో జవాబిచ్చేవాడు, ఇద్దరికీ ఎప్పుడూ తేడా రాలేదు. బెండకాయ కొన విరిచి చూడకుండా ఆవిడ ఏనాడూ కొనలేదు. "పైకి చూసి ఏటి తెలుస్తాదే? ఇరిచి చూడాలి," అనేది.

ఆవిడ దగ్గర వెండి కుంకుమ భరిణె ఒకటి ఉండేది, పుట్టింటివాళ్ళిచ్చింది. మూత మీద చిన్న నెమలి. శ్రావణ శుక్రవారాలు పేరంటం పెడితే, ఆ భరిణె పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి ఆడవాళ్ళకి బొట్టు పెట్టి పిలిచి రావడం నా పని. రెండేళ్ళు చేశాను. పట్టు పరికిణీ కట్టుకుని లైన్లో నడుస్తుంటే ఆ ఊరికి నేనే పెద్దదాన్నన్నట్టుండేది.

నాకు పదకొండో ఏడు. ఒక శుక్రవారం పేరంటం అయిపోతుండగా భరిణె కనిపించలేదు. వెనక లైన్లో ఉండే పద్మ దాన్ని పరికిణీ బొందులో దోపుకోవడం నేను చూశాను. అదీ నా ఈడుదే. పిన్ని చెవిలో చెబితే సరిపోయేది. నేను గది మధ్యకొచ్చి, తాంబూలాలు పట్టుకున్న ఆడవాళ్ళందరి ముందూ గొంతెత్తి అరిచాను. "పద్మ తీసింది! నేను చూశాను!"

భరిణె దొరికింది. పద్మ వాళ్ళమ్మ దాన్ని అక్కడికక్కడే వంగదీసి కొట్టింది. ఆ వారమంతా మా లైన్లో ఇదే గోల. ఒకాయన, "ఒక్కసారి ఠాణాకి తీసికెల్లి కూకోబెట్టండి, భయముంటే మరి ముట్టదు," అన్నాడు. ఒకావిడ, "ఆలింటికి బొట్టు పెట్టడం మానీండి, బుద్దొస్తాది," అంది. పిల్లలం మేమయితే పద్మ బడికెళ్తుంటే వెనక నుంచి "చోర్, చోర్" అని అరిచాం. అందరికంటే గట్టిగా అరిచింది నేనే.

ఇవాళ నేను దుర్గ్‌లో ఒక కాలేజీలో నేరం, శిక్ష, సమాజం అన్న పేపరు చెబుతాను. శిక్ష భయమే మనిషిని ఆపుతుందని ఒక సిద్ధాంతం. దొంగా దొంగా అని ముద్ర వేస్తూ పోతే ఆ మనిషి చివరికి దొంగగానే మిగులుతాడని ఇంకొకటి. నలుగురితో ముడి తెగిపోయినవాడే తప్పుదారి పడతాడని మరొకటి. తప్పుని తప్పనే చెప్పి, మనిషిని మళ్ళీ గుంపులోకి తెచ్చుకునే శిక్షే పనిచేస్తుందని, కొంచెం ఈమధ్యది, ఇంకోటి ఉంది. ఇవన్నీ హిందీలో పిల్లలకి చెబుతున్నప్పుడు నాకు మా లైనే కనిపిస్తుంది. ఠాణా అన్నాయన, బొట్టు మానెయ్యమన్నావిడ, చోర్ అన్న నేను.

ఆ గోల తర్వాతి శుక్రవారం జడ వేసుకుని, పరికిణీ కట్టుకుని పిన్ని ఇంటికెళ్ళాను. గుమ్మంలో పద్మ నిలబడి ఉంది, తల వంచుకుని. పిన్ని దాన్ని అడుగుతోంది.

"ఎందుకు తీసేవే?"

పద్మ అంది, "నెమలి బాగుంది పిన్నీ."

"బాగుంటే అడగాలి. అడిగితే ఇచ్చీదాన్ని, కూకుని చూసుకుందువు." అని భరిణె తెచ్చి పద్మ చేతిలో పెట్టింది. "ఇంటింటికీ ఎల్లు. బొట్టు పెట్టి, మా పిన్ని పేరంటానికి రమ్మందని చెప్పు. ఒక్కిల్లు కూడా ఒగ్గీకు."

నా ఒళ్ళు మండిపోయింది. "పిన్నీ, అది దొంగ!"

"అవును, దొంగే. ఈ భరిణే తీసింది. అందుకే ఈ భరిణే పట్టుకెల్తాది," అంది పిన్ని.

బొట్టు పెట్టడానికి వచ్చిన చేతిని మా ఆడవాళ్ళెవరూ కాదనరు. గుమ్మంలో కుంకుమ పట్టుకుని నిలబడితే, ఎంత కోపమున్నా నుదురు వంచాల్సిందే. పిన్నికి అది తెలుసు. పద్మ ఇంటింటికీ వెళ్ళింది. బొట్టు మానెయ్యమన్నావిడ కూడా రెండు క్షణాలు చూసి తల వంచింది. మా అమ్మ వంచింది. నేను ఇంటికొచ్చి కూలర్ వెనక దాక్కుంటే నన్ను వెతికి మరీ పెట్టింది. అది గుమ్మం దాటగానే చేతి వెనకవైపుతో తుడిచేశాను. పేరంటంలో పిన్ని నా బోసి నుదుటి వంక చూసింది. ఆ తర్వాత పద్మని చోర్ అన్నవాళ్ళు లేరు. పేరంటాలకి భరిణె పట్టుకెళ్ళడం మాత్రం పద్మదే అయిపోయింది. నా దాకా మళ్ళీ రాలేదు.

పద్మ పెళ్ళయి నెహ్రూ నగర్‌లో చీరలకి ఫాల్, పీకో కుట్టే దుకాణం పెట్టుకుంది. పిన్నీ బాబాయిగారూ రిటైరై కోహ్కాలో ఇల్లు కట్టుకున్నాక, రోజూ పొద్దున్నే వచ్చి కాఫీ పెట్టి, మందులిచ్చి దుకాణానికి వెళ్ళేది. నేను నెలకోసారి యాపిల్ పళ్ళు పట్టుకుని చుట్టంలా వెళ్ళేదాన్ని. వెళ్ళిన ప్రతిసారీ వంటింట్లో పద్మ చెప్పులు లేని కాళ్ళ చప్పుడు వినిపించేది. పంచదార డబ్బా ఎక్కడుందో నాకు తెలియదు, దానికి తెలుసు. నలభై అయిదేళ్ళొచ్చాక కూడా దాన్ని చూస్తే నాకు కడుపు మండేది. ఒకసారి నా సిద్ధాంతాలన్నీ పిన్నికి చెప్పాను. ఓపిగ్గా విని, "దీనికి పుస్తకాలు కావాలేటే?" అని నవ్వింది. ఆ నవ్వు మీదా కుళ్ళుకున్నాను. నేనేళ్ళ తరబడి చదివింది ఆవిడ ఒక్క శుక్రవారంలో చేసేసింది.

పోయిన నెల వెళ్ళినప్పుడు పద్మ లేదు. ఉండబట్టలేక అడిగేశాను. "దొంగతనం చేసింది అది. పట్టిచ్చింది నేను. శిక్ష నాకెందుకు వేశావు పిన్నీ?"

పిన్ని అంది, "ఆరోజు అరుస్తున్నప్పుడు నీ మొహం చూసేనే. పండగొచ్చినట్టుంది. అది తీసింది తప్పు. నువ్వు అలగ సంబరపడిపోడం తప్పు కాదేటి? దానికో వారం, నీకో వారం అనుకున్నాను. ఆ మీదట వచ్చి అడుగుతావని చూసేను. నువ్వు అడగలేదు."

"ఇన్నేళ్ళూ?"

"వారమే ఏసేనమ్మా. మిగతాదంతా నువ్వే ఏసుకున్నావు. భరిణె ఇక్కడే ఉంది, అడుగు."

ఈ వయసులో భరిణె ఇమ్మని అడగడమేమిటని సిగ్గుపడ్డాను. శ్రావణం వస్తుందిగా, అప్పుడడుగుతానన్నాను. "అలగే," అంది పిన్ని. శ్రావణానికి ఇంకా రెండు నెలలుంది.

నేను వెళ్ళేసరికి ఆవిడని హాల్లో పడుకోబెట్టారు. బాబాయిగారు గోడకి ఆనుకుని కూర్చున్నారు. ముత్తయిదువగా వెళ్ళిపోతోందని ఆడవాళ్ళు పాదాలకి పసుపు రాస్తున్నారు. నుదుట కుంకుమ పెట్టడానికి పద్మ నెమలి భరిణె మూత తీస్తోంది. ఆ మూత తీసే తీరు చూస్తే మళ్ళీ నా లోపల భగ్గుమంది. మంట మంటలోనే, అందరి ముందూ, అప్పుడు అరిచినట్టు కాకుండా మెల్లిగా అడిగాను.

"పద్మా, నాకివ్వవే ఒకసారి."

పద్మ ఇచ్చింది. పెట్టడం నాకు అలవాటు తప్పింది. కుంకుమ పిన్ని ముక్కు మీద రాలింది. పద్మ కొంగు చివరతో మెల్లిగా తుడిచింది. తర్వాత భరిణె తీసుకుని, వచ్చిన ఆడవాళ్ళందరికీ బొట్టు పెడుతూ ముందు నా దగ్గరికొచ్చింది. తల వంచాను.

శవం దగ్గర నుంచి వచ్చాక తలస్నానం చెయ్యకుండా ఇంట్లోకి రాకూడదు. మా ఇంటి పెరటి బాత్రూంలో బకెట్ నిండి నీళ్ళు పొర్లిపోతున్నాయి. పద్మ పెట్టిన బొట్టు పోతుందని, చెంబు పట్టుకుని బయటే నిలబడి ఉన్నాను.