మసకబారిన గొట్టాలు

మా ఫోర్‌మన్ అయ్య పోయారని మొన్న పొద్దున గుమ్మిడిపూండి రైల్లో తెలిసింది. ఆ మాట విన్నాక కూర్చోలేకపోయాను. దిగేదాకా తలుపు దగ్గరే నిలబడ్డాను.

వీధి దీపాల లోపల పెట్టే సన్నటి తెల్ల గొట్టాలు చేసే ఫ్యాక్టరీ మాది. అల్యూమినా పొడిని అచ్చుపోసి ఫర్నేసులో కాలుస్తాం. ముందే ఆ పొడిలో చిటికెడు మెగ్నీషియా అనే ఇంకో పొడి పడాలి. పడితే కాలేటప్పుడు లోపలి పలుకులు, అంటే స్ఫటికాలు, చిన్నవిగా, సమంగా పెరుగుతాయి. గాలి బుడగలు బయటికి పోతాయి, వెలుగు దాటుతుంది. పడకపోతే కొన్ని పలుకులు ఉబ్బిపోయి బుడగల్ని తమలోనే మూసేసుకుంటాయి. గొట్టం సుద్దముక్కలా అవుతుంది, వేడికి పగులుతుంది కూడా. ఇదంతా నాకు నేర్పింది ఆయనే.

నేను చేరిన కొత్తలో, నేను తూచిన పొడి ఫర్నేసులోకి వెళ్లిపోయాక, మెగ్నీషియా వేశానో లేదో గుర్తు రాలేదు. చెబితే ఉద్యోగం పోతుంది. ఇంటికి నా జీతమే ఆధారం. రెండు రోజులు అన్నం దిగలేదు. ఎవరు పేరు పెట్టి పిలిచినా విషయం బయటపడిందనే అనుకునేదాన్ని.

ఫర్నేసు తెరిచాక అయ్య ఒక గొట్టాన్ని కిటికీ వైపు ఎత్తి చూశారు. నన్ను మైక్రోస్కోపు దగ్గరికి పిలిచారు. చిన్న పలుకుల మధ్య బండల్లాంటివి కనిపించాయి.

"మెగ్నీషియా ఏసినావా?"

"గ్యాపకం రాలేదయ్యా."

మునుపు తాను పనిచేసిన చోట ఇలాంటి గొట్టాలే చూసి, భయపడి నోరు మూసుకున్నానని, పరీక్షలో దీపం పేలి ఒక పనివాడి కన్ను పోయిందని ఆయన చెప్పారు. మేనేజరుకు నన్నే చెప్పమన్నారు.

"నాకు బయంగా ఉండాదయ్యా."

"నాకూ బయమే. ఇద్దరం పోదాం రామ్మా."

మేనేజరు కేకలు అచ్చుల షెడ్డు దాకా వినిపించాయట. తూకం రెండోసారి చూడాల్సింది తానేనని, చూడలేదని అయ్య చెప్పారు. చెప్పినంతసేపూ బల్ల అంచు వదల్లేదు. నా ఉద్యోగం నిలిచింది. ఆయనకు రావాల్సిన ప్రమోషను ఆ ఏడు రాలేదని చాలాకాలానికి వేరేవాళ్లు చెబితే తెలిసింది.

పొడి తూచేటప్పుడు ఇప్పటికీ భయమే, మెగ్నీషియా వేశానో లేదో రెండుసార్లు చూసుకుంటాను. ఒకసారి ఆయనతో అంటే, "ఉండనీమ్మా, అంత బయం ఉండాల్సిందే" అన్నారు.

మేనేజరుతో చెప్పి వచ్చిన ఆ రోజు, పాడైన గొట్టాలన్నీ షెడ్డు వెనక మేమిద్దరమే పగలగొట్టాం. చేతులు కడుక్కుని వచ్చేసరికి ఆయన గొంతుకూర్చుని, తడిగుడ్డతో నేలను అద్దుతూ తెల్లటి పెంకులు ఒక్కొక్కటీ ఏరుతున్నారు. ఊడ్చే ఆడవాళ్లు చెప్పుల్లేకుండా వస్తారట.